లెంగ్నౌ దర్జీ గారి వంశం



పెళ్లికి పెద్దలు ఒప్పుకోకపోవడం మనకు కొత్త కాదు. సర్కారు ఒప్పుకోకపోవడం తక్కువగా విన్నాం. 1840లలో స్విట్జర్లాండ్‌లోని లెంగ్నౌ అనే చిన్న ఊళ్లో సైమన్ గుగెన్‌హైమ్ అనే దర్జీకి అదే జరిగింది. మనిషికి యాభై దాటాయి, భార్య పోయింది, ఇంట్లో ఒక కొడుకు, కొందరు కూతుళ్లు. అదే ఊళ్లో రేచల్ అనే వితంతువు ఉంది, ఆమెకూ ఇంటినిండా పిల్లలే. ఇద్దరూ కలిసి ఒక గూటికి చేరదామనుకుని అధికారులకు అర్జీ పెట్టుకున్నారు. మీ ఇద్దరి ఆస్తీ కలిపినా సంసారానికి చాలదు, రేపు మీరంతా వీధిన పడితే ఎవరు సాకాలి, కుదరదు పొమ్మన్నారు.

బీదవాళ్ల పెళ్లిళ్ల మీద ఆంక్షలు ఆనాడు స్విట్జర్లాండ్‌లో చాలాచోట్ల ఉండేవి. సైమన్ విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. అతను యూదుడు. ఆ దేశంలో యూదులు కాపురం ఉండడానికి 1776 నుంచి రెండే రెండు ఊళ్లు కేటాయించారు. ఒకటి లెంగ్నౌ, రెండోది పక్కనే ఉన్న ఎండింగెన్. రెండూ జర్మనీ సరిహద్దుకు దగ్గరలో, ఆర్గౌ ప్రాంతంలో, ఒక చిన్న ఏటి లోయలో ఉన్నాయి. పొలం కొనకూడదు. ఏళ్లకోసారి సొమ్ము కట్టి రక్షణ పత్రం తిరగరాయించుకోవాలి. సంతల్లో పశువుల బేరం, ఊరూరా తిరిగే మూట వర్తకం, ఇవే బతుకుతెరువులు. ఆ ఊళ్లకు ఇప్పుడు వెళ్లినా ఒక వింత కనిపిస్తుంది. పాత ఇళ్లకు ముందు గోడలో రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. క్రైస్తవులూ యూదులూ ఒకే గడప తొక్కకూడదన్న కట్టుబాటు వల్ల, ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి గుమ్మం వారికి కట్టుకున్నారని స్థానికులు చెబుతారు. 1802లో చుట్టుపక్కల జనం ఈ రెండు ఊళ్ల మీద పడి యూదుల ఇళ్లు దోచుకున్నారు. అది రేగుపళ్ల లాంటి ప్లమ్ పళ్ల కాలం కావడంతో దాన్ని అక్కడి చరిత్రలో ‘ప్లమ్ పళ్ల యుద్ధం’ అంటారు. పేరు తమాషాగా ఉంది కానీ పని తమాషా కాదు.

సైమన్ ఇక వాదించలేదు. ఉన్నది అమ్ముకుని, 1847లో తన పిల్లల్నీ రేచల్ పిల్లల్నీ వెంటబెట్టుకుని అమెరికా ఓడ ఎక్కాడు. అందరూ కలిపి డజనుకు పైనే. తెరచాప ఓడలో సుమారు రెండు నెలల ప్రయాణం. ఫిలడెల్ఫియాలో దిగాక సైమన్, రేచల్ పెళ్లి చేసుకున్నారు. అక్కడ వాళ్లను ఆస్తి ఎంతని అడిగినవారు లేరు. మరుసటి ఏడాది, అంటే 1848లో, స్విట్జర్లాండ్ కొత్త రాజ్యాంగం రాసుకుంది. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు పౌరులకు ఇచ్చింది, అయితే క్రైస్తవులకు మాత్రమే. యూదులకు ఆ హక్కు రావడానికి 1866 దాకా పట్టింది.

సైమన్ ఒక్కగానొక్క కొడుకు పేరు మేయర్. 1828లో పుట్టినవాడు, ఓడ ఎక్కేనాటికి పంతొమ్మిదేళ్లు. ఆ ఓడలోనే అతని మనసు రేచల్ కూతురు బార్బరా మీద పడిందని కుటుంబంలో చెప్పుకునే మాట. వరసకు సవతి చెల్లెలు అవుతుంది, మన దగ్గరైతే ఊరంతా నోరు నొక్కుకునేది. రక్తసంబంధం లేదు కాబట్టి అక్కడ ఎవరికీ అభ్యంతరం రాలేదు. 1852లో పెళ్లయింది.

తండ్రీకొడుకులు చేతిలో ఉన్న పాత విద్యతోనే మొదలుపెట్టారు. తండ్రి నగరం వీధుల్లో, కొడుకు పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఊళ్లలో, వీపున మూటతో. సూదులు, దారం, బూట్ల తాళ్లు, లేసు ముక్కలు, ఇనుప పొయ్యిలకు పూసే నల్ల పాలిష్. వారం మొదట్లో బయల్దేరితే శుక్రవారం పొద్దుగూకేలోపు, సబ్బాతు దీపం వేళకు ఇల్లు చేరాలి.

ఆ నల్ల పాలిష్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వంశం సంపదకు బోణీ అక్కడే జరిగింది. బొగ్గు పొయ్యి ప్రతి ఇంట్లో ఉండేది, దాన్ని నిగనిగలాడించడం ఇల్లాళ్లకు పరువు సమస్య. కానీ ఆ పాలిష్ పూస్తే చేతులకు అంటుకుని ఎంత కడిగినా వదిలేది కాదు. గుమ్మం గుమ్మంలో ఇదే ఫిర్యాదు. ఇంకో వర్తకుడైతే ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు. మేయర్ రెండు సంగతులు గమనించాడు. ఒకటి, జనానికి చేయి మురికి చేయని పాలిష్ కావాలి. రెండు, డబ్బీ మోసుకు తిరిగే తనకంటే ఫ్యాక్టరీలో కూర్చుని తయారుచేసేవాడికి లాభం ఎన్నో రెట్లు ఎక్కువ మిగులుతోంది. పాలిష్‌ను బెత్లెహెం ఊళ్లో ఒక రసాయన నిపుణుడి దగ్గరకు పట్టుకెళ్లి అందులో ఏమేం ఉన్నాయో చూపించుకున్నాడు. సబ్బు కలిపి చేతికి అంటని రకం తయారుచేశాడు. ఇక దర్జీ పెద్దాయన మూట దించేసి ఇంట్లో కూర్చున్నాడు. సాసేజీలు కూరే పాత మిషన్ ఒకటి సంపాదించి, దానితో పాలిష్ ముద్దలు తీసేవాడు. కొడుకు తిరిగి అమ్మేవాడు.

అమ్మకంలో కాదు, తయారీలో ఉంది పస అన్న ఈ లెక్కను మేయర్ జీవితాంతం వదల్లేదు. తర్వాత కాఫీ ఎసెన్స్ పెట్టాడు. చౌక కాఫీగింజలూ, మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ కలిపి మరిగించి చిక్కగా చేసిన ద్రవం అది. నీళ్లు పోస్తే కాఫీ. అంతర్యుద్ధ కాలంలో కిరాణా టోకు వర్తకంలోకి, ఆ తర్వాత సబ్బు తయారీకి వాడే క్షారంలోకి, ఆపైన లేసులు, ఎంబ్రాయిడరీల దిగుమతిలోకి దిగాడు. ఆ ఎంబ్రాయిడరీలు వచ్చేది ఎక్కడి నుంచి? స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ నుంచి. మిషన్ మీద కుట్టిన లేసుకు ఆ ఊరు అప్పట్లో ప్రపంచానికి పేరు. రెండో కొడుకు డేనియల్ కుర్రతనంలోనే సరుకు ఏరడానికి అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నాడు. తాతకు పెళ్లి అనుమతి ఇవ్వని దేశంలో మనవడు పెద్ద గిరాకీదారుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడన్నమాట.

మేయర్, బార్బరా దంపతులకు పదకొండు మంది సంతానం: ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. రాబర్ట్ అనే పిల్లవాడు చిన్నతనంలోనే గుర్రం మీంచి పడి చనిపోయాడు. మిగిలిన ఏడుగురు కొడుకులు ఐజాక్, డేనియల్, మర్రీ, సోలమన్, బెంజమిన్, సైమన్, విలియం. ఆడపిల్లలకు వ్యాపారంలో చోటు లేదు. మంచి సంబంధాలు చూసి పంపించేశారు. ఆ కాలపు షావుకార్ల ఇళ్లన్నిటిలో జరిగిందే ఇక్కడా జరిగింది.

1880ల మొదట్లో చార్లెస్ గ్రాహం అనే పరిచయస్తుడు కొలరాడో రాష్ట్రంలోని లెడ్‌విల్‌లో రెండు గనుల్లో వాటా ఉందని మేయర్‌కు చెప్పాడు. ఊరు సముద్రమట్టానికి 10,000 అడుగులకు పైన, కొండల మీద. గనుల పేర్లు ‘ఎ.వై.’, ‘మిన్నీ’. కొన్నాక వెళ్లి చూస్తే రెండూ నీళ్లతో నిండి ఉన్నాయి. మేయర్ గని నోట్లో ఒక రాయి వదిలి, ఎంత లోతున బుడుంగుమంటుందో విన్నాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ మనిషి తీరుకు సరిపోయే కథ. నీళ్లు తోడించడానికి డబ్బు పోసి, ఇంకా పోసి, ఎందుకు దిగానురా అనుకునే సమయానికి వెండి, సీసం కలిసిన మేలైన ఖనిజం బయటపడింది.

గని దొరికితే పండగ చేసుకోవాలి. మేయర్ మాత్రం పుస్తకం తీసి లెక్కలు చూశాడు. ఖనిజం తవ్వింది తానే అయినా, దాన్ని కరిగించి లోహం తీసే స్మెల్టరు వాళ్లు, మోసే రైలు వాళ్లు సింహభాగం పట్టుకుపోతున్నారు. మళ్లీ పొయ్యి పాలిష్ లెక్కే. దాంతో కొలరాడోలోనే ప్యూబ్లో పట్టణంలో సొంత స్మెల్టరు కట్టించాడు. దానికి పేరు ‘ఫిలడెల్ఫియా’ అని పెట్టారు. 1890లో అమెరికా ప్రభుత్వం మెక్సికో నుంచి వచ్చే సీసపు ఖనిజం మీద సుంకం వేసింది. మెక్సికో ఖనిజం మీద ఆధారపడిన పోటీదార్లు తలపట్టుకున్నారు. ఖనిజం ఇక్కడికి రాకపోతే కొలిమినే అక్కడికి తీసుకెళ్దాం అనుకుని డేనియల్ మెక్సికో అధ్యక్షుడు పోర్ఫీరియో డియాజ్ దగ్గర అనుమతులు తెచ్చుకున్నాడు. మాంటెర్రేలోనూ, అగ్వాస్‌కాలియెంటెస్‌లోనూ గుగెన్‌హైముల చిమ్నీలు లేచాయి.

ఈ దశలోనే మేయర్ కొడుకులందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ఒక్కో కర్ర ఇచ్చి విరవమన్నాడట. విరిచారు. అన్నీ కట్టగట్టి ఇస్తే ఎవరూ విరవలేకపోయారు. మనం రెండో తరగతి వాచకంలో చదువుకున్న కథే. అయితే దీని వెనక ఒక గట్టి బేరం ఉంది. లేసు వ్యాపారంలో ఎండనకా వాననకా తిరిగింది పెద్దకొడుకులు నలుగురే. ఇంకా మీసాలు సరిగా రాని చిన్నవాళ్లకూ గనుల్లో సమాన వాటా ఇవ్వాలని తండ్రి పట్టుబట్టాడు. పెద్దవాళ్లు గొణిగారు. చివరికి ఒప్పుకున్నారు. ఉమ్మడి ఆస్తి తగాదాలు చూసిన తెలుగువాళ్లకు ఆ గొణుగుడు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

కట్ట బలం 1901లో లోకానికి తెలిసింది. రెండేళ్ల కిందట రాక్‌ఫెల్లర్ బృందంలోని హెన్రీ రోజర్స్ వంటివారు కలిసి అమెరికన్ స్మెల్టింగ్ అండ్ రిఫైనింగ్ కంపెనీ అనే మహా కూటమి పెట్టారు. పొడి అక్షరాల్లో అసార్కో. గుగెన్‌హైములు మాత్రం అందులో చేరకుండా బయటే ఉండి దాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. చివరికి తమ ఆస్తులను సుమారు 4.5 కోట్ల డాలర్ల విలువైన వాటాలకు ఇచ్చి, కూటమి పగ్గాలే చేతికి తీసుకున్నారు. డేనియల్ ఛైర్మన్ అయ్యాడు. ఆ తర్వాత అలాస్కాలో జె.పి. మోర్గన్‌తో కలిసి కెన్నికాట్ రాగి గనులు, చిలీలో చుకికమాటా రాగి గని, బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ పిలుపు మీద కాంగోలో వాటా. భూమి తవ్వి రాగి తీసే చోటల్లా వాళ్ల మనుషులు కనబడేవారు.

ఇదంతా ఎవరి కష్టం మీద నిలబడింది? ఈ ప్రశ్న దాటవేస్తే ఇది వంశావళి భజన అవుతుంది. స్మెల్టర్లలో పని అంటే సీసపు ఆవిర్లలో పన్నెండు గంటల షిఫ్టు. ఎనిమిది గంటల పనిదినం కావాలని కొలరాడో ఓటర్లు 1902లో భారీ మెజారిటీతో తీర్పు ఇచ్చారు. అయినా చట్టసభ చట్టం చేయలేదు. 1903 జులైలో డెన్వర్‌లోని అసార్కో స్మెల్టర్ల కార్మికులు సమ్మె కట్టారు. కంపెనీ దిగిరాలేదు, గ్రాంట్ స్మెల్టరును ఏకంగా మూసేసింది. ఇదే డేనియల్ 1915లో పారిశ్రామిక సంబంధాల కమిషన్ ముందు నిలబడి, కార్మికుల అసంతృప్తిలో న్యాయం ఉందనీ, సంఘాలు పెట్టుకోవడం వాళ్ల హక్కనీ సాక్ష్యం ఇచ్చాడు. మనసు మారిందా, కాలం మారిందా? రెండోదే అనుకోవడానికి ఎక్కువ ఆధారం కనిపిస్తుంది.

మేయర్ 1905లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో పోయాడు. కట్టలోని కర్రలు అప్పటికే రెండు జారాయి. 1901 కూటమి ఒప్పందంతో సరిపడక బెంజమిన్, విలియం పక్కకు తప్పుకున్నారు. విలియంది ఇంకో కథ. 1900లో అతను విడాకులు పొందిన ఒకామెను, అదీ యూదు మతానికి చెందని ఆమెను, పెళ్లి చేసుకుని వచ్చాడు. అన్నలు మండిపడ్డారు. ఆస్తిలో నీకు చోటుండదని నయానా భయానా చెప్పి విడాకులు ఇప్పించేదాకా నిద్రపోలేదు. లెంగ్నౌ అధికారులు తాతగారికి చేసిన పనిని మనవలు న్యూయార్కులో సొంత తమ్ముడికి చేశారు. ఇంత ముచ్చటైన పోలిక వాళ్లకెవరికీ తట్టినట్టు లేదు. విలియం తర్వాత వాటా కోసం అన్నల మీద కోర్టుకెక్కాడు, వ్యవహారం బయట రాజీతో తేలింది. ముసలితనంలో గేటెన్‌బీ విలియమ్స్ అనే మారుపేరు పెట్టుకుని తన జీవితచరిత్ర తానే రాసుకున్నాడు, అదీ వేరెవరో రాసినట్టు, తనను తెగ మెచ్చుకుంటూ.

బెంజమిన్ పేరు మాత్రం ఈనాటికీ జనం నోట్లో ఉంది, గనుల వల్ల కాదు, టైటానిక్ వల్ల. భార్యనూ ముగ్గురు ఆడపిల్లలనూ న్యూయార్కులో ఉంచి ఎక్కువగా పారిస్‌లో గడిపేవాడు. 1912 ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణంలో అతనితో ఒక ఫ్రెంచి గాయని, ఆమె పరిచారిక, తన సేవకుడు విక్టర్ జిల్యో ఉన్నారు. ఓడ మంచుకొండను తాకాక స్టీవార్డు హెన్రీ ఎచెస్ ఆయనకు లైఫ్ జాకెట్టూ, పైన మందపాటి స్వెటరూ తొడిగించి పంపాడు. ఆడవాళ్లను పడవ ఎక్కించాక కాసేపటికి చూస్తే, యజమానీ సేవకుడూ ఇద్దరూ ఆ స్వెటర్లు తీసేసి విందుకు వెళ్లే సూట్లలో ఉన్నారు. మునిగితే పెద్దమనుషుల్లా మునుగుతామన్నారని, తన భార్యకు తాను ధర్మం తప్పలేదని చెప్పమన్నారని బతికి బయటపడ్డ ఎచెస్ వచ్చి చెప్పాడు. ధర్మం సంగతి ఆ భార్యకు ఎలా వినిపించిందో ఎవరూ రాయలేదు. ఆయన పెట్టుబడులన్నీ దెబ్బతిని ఉన్నాయని అందరికీ చావు తర్వాతే తెలిసింది.

మిగిలిన అన్నదమ్ములు డబ్బును దానధర్మాల్లోకి మళ్లించిన తీరు ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. సైమన్ 1907 నుంచి 1913 దాకా కొలరాడో సెనేటర్. అప్పట్లో సెనేటర్లను ఎన్నుకునేది రాష్ట్ర చట్టసభ సభ్యులు. సీటు కొనుక్కున్నాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆయన పెద్దకొడుకు జాన్ సైమన్ 1922లో, కాలేజీలో చేరబోయే ముందు, పదిహేడేళ్లకే చెవి వెనక ఎముకకు సోకిన జబ్బుతో పోయాడు. ఆ పిల్లవాడి పేరు మీద తల్లిదండ్రులు 1925లో ఫౌండేషన్ పెట్టారు. రచయితలు, శాస్త్రవేత్తలు, సంగీతకారులు తమ పని తాము చేసుకోవడానికి డబ్బిచ్చే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ అదే. మొదటి జట్టులో ఆరన్ కోప్లాండ్, తర్వాత్తర్వాత లైనస్ పాలింగ్, జోరా నీల్ హర్‌స్టన్, నబకోవ్ దాన్ని అందుకున్నారు.

డేనియల్ దృష్టి ఆకాశం మీద పడింది. కొడుకు హ్యారీ మొదటి ప్రపంచయుద్ధంలో నౌకాదళ పైలట్. ఆ కుర్రాడి ప్రోద్బలంతో 1926లో విమానయానానికి ఒక నిధి పెట్టారు. 1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ పూర్తిగా కప్పేసుకుని, బయట ఏమీ చూడకుండా, పరికరాల ముల్లులే నమ్ముకుని విమానం లేపి మళ్లీ దింపాడు. ఇవాళ మబ్బుల్లో, మంచులో విమానాలు దిగుతున్నాయంటే దాని మూలాల్లో ఆ నిధి ఉంది. రాకెట్ల పిచ్చివాడని నవ్వించుకున్న రాబర్ట్ గొడార్డ్‌కు 1930 నుంచి డబ్బిచ్చిందీ వీళ్లే. ఆ నిధి సొమ్ముతోనే కాలిఫోర్నియాలో కాల్‌టెక్ సంస్థలో గుగెన్‌హైమ్ ఏరోనాటికల్ లేబొరేటరీ లేచింది. అందులో చదివి 1951లో డాక్టరేట్ అందుకున్న భారతీయుడు సతీష్ ధావన్. 1972 నుంచి ఇస్రోను నడిపి, శ్రీహరికోట నుంచి మన ఎస్.ఎల్.వి.-3 ఎగిరేనాటికి సారథిగా ఉన్నది ఆయనే. 2002 నుంచి ఆ శ్రీహరికోట కేంద్రం పేరు సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం. నాయుడుపేట, సూళ్లూరుపేట వాళ్లు మేడల మీదికెక్కి చూసే ఆ నిప్పుతోకకూ ఫిలడెల్ఫియా పొయ్యి పాలిష్ డబ్బాకూ మధ్య ఇంత దూరపు చుట్టరికం.

వంశంలో చివరి పెద్ద తగాదా కూడా రాగి మీదే. చుకికమాటాను 1923లో అనకొండ కంపెనీకి 7 కోట్ల డాలర్లకు అమ్మేద్దామని అన్నదమ్ములన్నారు. హ్యారీ వద్దన్నాడు. అమ్మేశారు. ఆ సొమ్ములో చాలాభాగం చిలీ నైట్రేట్ ఎరువుల్లో పోసి చేతులు కాల్చుకున్నారు. కృత్రిమ నైట్రేట్ అప్పటికే జర్మనీ నుంచి మార్కెట్లోకి వచ్చేసింది. ప్రతి సరుకులో తయారీదారుడి లాభం వెతికిన మేయర్ ఉండి ఉంటే ఆ బేరం చేసేవాడా అన్నది ఊహకే వదలాలి. అసార్కో విషయానికొస్తే, కుటుంబం చేయి దాటిపోయిన చాలా కాలానికి, 2005లో అది దివాలా తీసింది. స్మెల్టర్లు వదిలిపోయిన సీసం, ఆర్సెనిక్ మట్టిని శుభ్రం చేయడానికి 2009లో సుమారు 179 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

సోలమన్‌ను చిత్రకళ వైపు తిప్పింది జర్మనీ నుంచి వచ్చిన హిల్లా రెబే అనే చిత్రకారిణి. రూపాలు లేని, రంగులూ గీతలూ మాత్రమే ఉండే నైరూప్య చిత్రాలు తప్ప మిగతావి కళే కావని ఆమె నమ్మకం. సోలమన్ కాండిన్స్కీ చిత్రాలు కుప్పలుగా కొన్నాడు. 1937లో ఫౌండేషన్ పెట్టాడు. శంఖంలా చుట్లు తిరిగే మ్యూజియం భవనాన్ని ఫ్రాంక్ లాయిడ్ రైట్ చేత గీయించాడు. 1959 అక్టోబరులో న్యూయార్కులో దాని తలుపులు తెరిచేనాటికి సోలమన్ పోయి పదేళ్లయింది, రైట్ పోయి ఆరు నెలలు.

ఇక బెంజమిన్ కూతురు పెగ్గీ. తండ్రి మునిగేనాటికి పదమూడేళ్లు. పెదనాన్నల పిల్లలతో పోలిస్తే బీద చుట్టాల కిందే లెక్క, అంటే లక్షల్లో బీద. 1938లో లండన్‌లో ఒక గ్యాలరీ తెరిచి, కాండిన్స్కీ చిత్రం ఒకటి కొంటారా అని సోలమన్ పెదనాన్నను అడిగింది. జవాబు హిల్లా రెబే రాసింది. గుగెన్‌హైమ్ పేరును దుకాణానికి తగిలించి పరువు తీస్తున్నావని చీవాట్లు పెట్టింది. పెగ్గీ చిరునవ్వుతో తన పని తాను చేసుకుపోయింది. యుద్ధం ముంచుకొస్తుంటే పారిస్‌లో రోజుకో చిత్రం చొప్పున కొన్నది. దాచిపెట్టమని లూవ్రు మ్యూజియం వాళ్లను అడిగితే, అంత శ్రమ పడదగినవి కావన్నారని ఆమే చెప్పుకుంది. అమెరికా చేరి జాక్సన్ పొలాక్‌ను నిలబెట్టింది. తర్వాత వెనిస్‌లో కాలువ ఒడ్డున ఒక పాత సౌధం కొని చిత్రాలతో, కుక్కలతో, 1979లో పోయేదాకా అక్కడే ఉంది. ఆ చిత్రాలూ సౌధమూ ఎవరికి వదిలింది? తనకు చీవాట్లు పెట్టిన అదే ఫౌండేషన్‌కు. వెనిస్‌లో ఆ గుమ్మం దగ్గర ఇప్పుడు టికెట్లు అమ్ముతున్నది వాళ్లే.